జాబితాలో మూడో పేరు

లియాన్ దగ్గర, ఫ్రాన్సు,
4 డిసెంబరు 1955.

అత్తకు,

ముందు నీకు కావలసిన సంగతులు చెప్పి, తర్వాత నాకు కావలసినవి చెబుతాను. జ్వరం రాలేదు. ఉన్ని చొక్కా విడవడం లేదు. నువ్వు కట్టిచ్చిన చెనిక్కాయల పొడి ఇంకా సగం సీసా ఉంది. అద్దకం బడిలో ఈ నెల నీలిరంగు పాఠం, మోచేతుల దాకా నీలమే. అయిపోయాయి కదా! ఇక విను. ఇక్కడ పార్లమెంటు రద్దయింది!

ప్రధానమంత్రి ఫోర్ గారు సభలో ఓడిపోయాడు. ఓడిపోయినవాడు ఇంటికి పోవాలి కదా? ఈయన తనను ఓడించిన సభనే ఇంటికి పంపించాడు. ఇలాంటిది జరిగి దాదాపు ఎనభై ఏళ్లయిందట. ఇక్కడి మంత్రివర్గాలు మన పెన్నలో తవ్విన చెలమలంత కాలం కూడా నిలవవు. వియత్నాంలో యుద్ధం ఓడిపోయి ఏడాదిన్నర కాలేదు, అప్పుడే అల్జీరియాలో ఇంకో యుద్ధం మొదలైంది. ఓట్లు జనవరి రెండున. పండగ సెలవుల్లో ఈ గోలేమిటని తిట్టుకుంటూనే ఊరంతా ఊగిపోతోంది.

అసలు కబురు ఇంకా చెప్పలేదు. పుజాద్ అని ఒకాయన ఉన్నాడు. చిన్న ఊళ్లో కాగితాలు, పుస్తకాలు అమ్ముకునే అంగడి ఆయనది. రెండేళ్ల కిందట పన్నుల ఇన్స్పెక్టర్లు తనిఖీకి వస్తే అంగళ్లవాళ్లందరినీ పోగుచేసి అడ్డం నిలబడ్డాడు. అది పెరిగి పెరిగి ఇప్పుడు దేశమంతా అంగళ్లవాళ్ల పార్టీ అయింది. మా జిల్లాలో ఆ పార్టీ జాబితాలో మూడో పేరు ఎవరిదో తెలుసా? నేను అద్దెకుండే గది కింద అంగడి నడుపుతున్న మదాం బెర్త్‌ది! భర్త పోయి ఆరేళ్లు. అంగడి ఒంటిచేత్తో నడుపుతోంది. నీలాగే గట్టిగా మాట్లాడుతుంది, నీలాగే నన్ను తిట్టి తిండి పెడుతుంది.

నీ మేనల్లుడు
గురుప్రసాద్

---

ప్రొద్దుటూరు,
14 డిసెంబరు 1955.

మా అన్న కొడుకు, నీలం చేతుల గురుప్రసాద్‌కు కన్యకాపరమేశ్వరి అత్త దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి అరుగు మీద దిల్షాద్‌బీకి వినిపించాను. ఆమె గుర్తుంది కదా? జమ్మలమడుగు నుంచి వచ్చి, మన అంగడి అరుగు మీద ముక్కగుడ్డలు పరుచుకుని అమ్ముకుంటుంది. నువ్వు పోయేటప్పుడు నీ జేబులో ఖర్జూరాలు కుక్కింది ఆమే. అంతా విని "అంగిడోళ్లకు పార్లమెంటా? అక్కా, నువ్వూ నిలబడు" అన్నది. నవ్వాననుకున్నావా? రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఇక్కడా ఒక ఎన్నిక వచ్చిపడింది. వర్తక సంఘం కట్టించిన కొత్త బజారు పూర్తయింది. గదులు సంఘం సభ్యులకే ఇస్తారట. మీ మామ పోయినప్పుడు అంగడి మా మరిది కాశీవిశ్వనాథం పేరుకు మారిందని నీకు తెలుసు. తాళం తీసేది నేను, బేరం ఆడేది నేను, దువ్వూరు, వేముల నుంచి వచ్చే రైతులు "అమ్మ అంగడి" అని వెతుక్కునేది నన్ను. సంఘంలో కుర్చీ మాత్రం ఆయనది. అంగడి పేరున వచ్చే టపా కూడా ఆయనకే పోతుంది. ఇప్పుడు పాత కట్టడం ఉగాదికి ఖాళీ చెయ్యమంటున్నాడు. కొత్త గది తన కొడుక్కు కావాలట. అంటే ఉగాది తర్వాత నేను ఇంట్లో మూల కూర్చుని ఆయన పెట్టింది తినాలి. కర్నూలు సర్కారు ఎన్నికల్లో నాకు ఓటుంది గురూ, నేను పోయి వేశాను కూడా. అర ఫర్లాంగు దూరంలో ఉన్న సంఘంలో మాత్రం లేదు.

జనవరి ఇరవై రెండున సంఘం సమావేశం. నా పేరు మీద సభ్యత్వం, నా పేరు మీద గది కావాలని అర్జీ ఇచ్చేశాను. ఆడమనిషి అర్జీ ఇవ్వడం ఇదే మొదటిసారట. ప్రెసిడెంటు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చదివాడు.

మీ మదాం సంగతులు పొల్లుపోకుండా రాయి. పేపర్లో నాలుగు వాక్యాలు వేసి ఊరుకున్నారు. ఆమె ఏమి అమ్ముతుంది? నా తరఫున ఆమెకు నాలుగు గజాల పచ్చ గళ్ల గుడ్డ పార్సెల్ చేశాను. జమ్మలమడుగు మగ్గాల సరుకు, ఎన్ని ఉతుకులకైనా ఆగుతుంది. నా సాటి మనిషి అని చెప్పి ఇవ్వు.

ఇట్లు, సంఘం మీద దండెత్తిన మీ అత్త.

---

26 డిసెంబరు 1955.

అత్తా!

నువ్వు అర్జీ ఇచ్చావా! గదిలో ఒక్కణ్ణే గంతులు వేశాను. కింద నుంచి మదాం చీపురు కర్రతో కప్పు మీద కొట్టింది. దిగిపోయి సంగతి చెప్పాను. "మీ అత్తను నా జాబితాలో రెండో పేరుగా పెట్టుకునేదాన్నే" అంది. ఇంకా పార్సెల్ అందలేదు.

ఇక్కడ గోడల మీద ఖాళీ లేదు. మదాం పార్టీ నినాదం "కుర్చీల్లో ఉన్నవాళ్లను ఊడ్చెయ్యండి!" అని. చెప్పులు కుట్టేవాడు, రొట్టెలవాడు, కట్టెలడితివాడు, అందరూ ఒకే బల్ల మీద ఎక్కి అరుస్తున్నారు. ఇక్కడ ఓటు మనిషికి కాదు, జాబితాకు. ఒక కాగితం మీద అందరి పేర్లూ ఉంటాయి, ఆ కాగితాన్ని పెట్టెలో వేస్తారు.

నేను మాత్రం మదాంతో పోట్లాడుతున్నాను. నాకు ఓటు లేదు కానీ నోరుంది కదా. నా మనసు మాజీ ప్రధాని మెండెస్ ఫ్రాన్స్ వైపు. వియత్నాం యుద్ధం ఆపినవాడు ఆయన. పాండిచ్చేరి, యానాం మన చేతికి వచ్చింది ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే. సారాయి మానండి, పాలు తాగండి అని చెబుతాడు, సభలో కూడా పాలగ్లాసు పెట్టుకుంటాడు. ఇప్పుడు ఆయనా, సోషలిస్టు నాయకుడు గీ మోలే కలిసి అల్జీరియాలో శాంతి తెస్తామంటున్నారు. పక్కవీధి రొట్టెలవాడి కొడుకును ఆ యుద్ధానికే తీసుకుపోయారు. మదాం పార్టీవాళ్లు మెండెస్ ఫ్రాన్స్‌ను యూదుడని నోటికొచ్చినట్టు తిడతారు. బయటివాళ్లు పోవాలి, ఫ్రాన్సు ఫ్రాన్సువాళ్లది అంటారు. "మరి నేను?" అని అడిగాను. "నువ్వు వేరు, తిను" అని గిన్నె ముందుకు తోసింది.

ఏమి అమ్ముతుందని అడిగావు. రోజూ అందరికీ కావలసిన సరుకే. తెల్లవారకముందే బండి వస్తుంది, సాయంత్రానికి నిలవ ఉండదు.

గురు

---

ప్రొద్దుటూరు,
6 జనవరి 1956.

గురూ,

తెల్లవారకముందు వచ్చి సాయంత్రానికి అయిపోయేది పాలు కాక మరేమిటి? పాల అంగడి అని సూటిగా రాయడానికి ఏం రోగం నీకు? పాలు తాగమనే ఆ మంత్రిని పాల అంగడి మదామే తిట్టడం నాకు నచ్చలేదు. ఎంత పార్టీ అయినా బేరం తెచ్చేవాణ్ణి తిడతారా?

ఇక్కడ వేడి నీకు తెలియాలి. అరుగు మీద రోజూ సభే. నీ ఉత్తరం చదవమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. గుడ్డ కొనకుండా వినిపోయేవాళ్లకు కసిరి చెబుతున్నాను, ఒక్క జేబురుమాలైనా కొనండని. పులివెందుల నుంచి నిర్మలమ్మ చిన్నమ్మ బస్సులో వచ్చి మరీ విని పోయింది.

నిన్న కాశీవిశ్వనాథం వచ్చాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, ప్రెసిడెంటు మాటగా ఒక మాట చెప్పాడు.

"వదినా, ఊరంతా నీ మాటే చెప్పుకుంటాండారు. సరే, గది నీ పేరనే రాపిస్తాం. ఒక్కటే. అరుగు మీద ఆ ముక్కగుడ్డలామె కొత్త బజారుకు రాకూడదు. అది పెద్దోళ్లు కూచునే చోటు. ఆమెను ఇప్పుడే పంపిచ్చెయ్. మనిషి అడ్డం లేకుంటే మాటకు అడ్డం లేదు."

"ఆలోచిస్తా" అన్నాను. ఆయన పోయాక దిల్షాద్‌బీ వైపు చూడలేకపోయాను. పదేళ్లుగా వానొస్తే ఆమె మూట లోపలికి, నాకు జ్వరమొస్తే ఆమె గల్లాపెట్టె దగ్గరికి. గది లేకపోతే నా బతుకు మరిది వాకిట్లో. గది కావాలంటే ఆమె బతుకు వీధిలో. తేల్చుకోలేకుండా ఉన్నాను రా. మీ మదాం ఇలాంటిదానికి ఏమంటుందో అడిగి రాయి.

ఆశీస్సులతో,
అత్త

---

3 జనవరి 1956.

అత్తా, నీ జవాబు ఇంకా అందలేదు. ఈ మడత కాగితం మీద పట్టినంతే రాస్తాను. గెలిచారు! మా జిల్లాలో మదాం జాబితా గెలిచింది! దేశం మొత్తం మీద అంగళ్లవాళ్లు యాభైమందికి పైగా పార్లమెంటుకు పోతున్నారు. ఎవరూ ఊహించలేదు. రేడియోలో చదివేవాడి గొంతే మారిపోయింది. కమ్యూనిస్టులు అందరికంటే పెద్ద పార్టీ, అయినా ఎవరికీ సరిపడా బలం లేదు, మెండెస్ ఫ్రాన్స్, మోలేలదే ప్రభుత్వం అంటున్నారు. మా వీధిలో బ్యాండు వాయించారు. మదాంను కుర్చీతో సహా ఎత్తి తిప్పారు. ఆమె నా మెడ కౌగిలించుకుని ఏడ్చింది. నాకు ఆ పార్టీ నచ్చకపోయినా నేనూ ఏడ్చాను. చోటు అయిపో

---

ప్రొద్దుటూరు,
13 జనవరి 1956.

పార్లమెంటు మెంబరు గారింట్లో అద్దెకున్న మా గురుకు,

"చోటు అయిపో" దగ్గర ఆగిపోయిన ఉత్తరాన్ని పట్టుకుని బజారు ఆ కొసనుంచి ఈ కొసదాకా నడిచాను. అరవై ఏళ్ల పెద్దమనుషులు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. భర్త పోయిన ఆడమనిషి, పాల అంగడి నడుపుకునేది, ఒక దేశపు పార్లమెంటులో కూర్చుందంటే ప్రొద్దుటూరు సంఘంలో చాప మీద కూర్చోడానికి నాకేం తక్కువ? బూందీ లడ్లు చేయించి అంగడంగడికీ పంచాను. ప్రెసిడెంటు గారు రెండు తిన్నారు. కాశీవిశ్వనాథం తినకుండా జేబులో వేసుకున్నాడు. దిల్షాద్‌బీ తన ముక్కగుడ్డల్లోంచి ఎర్రది ఒకటి తీసి, జెండా అని అరుగు గుంజకు కట్టింది.

నా మనసు ఇంకా తేలలేదు. అయినా ఇంత సంతోషం నాకు ఎన్నేళ్లకో వచ్చింది. మదాంకు నా మాటగా చెప్పు, ఇక్కడ ఆమెకు ఒక ఊరుందని.

అత్త

---

11 జనవరి 1956.

అత్తా,

కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను, ఈ ఉత్తరం ఒంటరిగా చదువు.

నీ పార్సెల్ అందింది. మదాం పొంగిపోయింది. ఆ గుడ్డతో ఒక పనిబట్ట కుట్టుకుని, అది నడుముకు కట్టుకుని, అంగడి ముందు ఫొటో తీయించుకుంది. నాకు చెప్పకుండా పార్సెల్ మీది చిరునామాకే పంపేసింది. అది అంగడి చిరునామా, ఆ టపా కాశీవిశ్వనాథం మామ చేతికి పోతుంది కదా! అందుకే ఈ కంగారు.

అది మాంసం అంగడి అత్తా. రాయడానికి ధైర్యం చాలలేదు. నేను ఆ గదిలో ఉంటున్నానంటే నువ్వు తలస్నానం చేస్తావని భయపడ్డాను. నేను ముట్టలేదు, నిజంగా. ఆమె నాకు వేరే గిన్నెలో బంగాళాదుంపలు ఉడికించి పెడుతుంది.

ఇంకొకటి. జాబితా గెలిచిందంటే పేర్లన్నీ గెలిచినట్టు కాదు. ఓట్లను బట్టి పైనుంచి ఎన్ని చోట్లొస్తే అంతమంది. మా జిల్లాలో వాళ్లకు ఒక్కటే వచ్చింది. మొదటి పేరు కట్టెలడితివాడు, ఆయన పోయాడు. మూడో పేరు మదాం అంగట్లోనే ఉంది. కాగితం అయిపోయి ఆ మాట రాయలేదు. నువ్వు ఎవరికీ చెప్పి ఉండవులే.

గురు

---

ప్రొద్దుటూరు,
23 జనవరి 1956.

ఎవరికీ చెప్పి ఉండనా? ఓరి నా తండ్రీ!

నీ ఉత్తరం ఈ పొద్దు వచ్చింది. సమావేశం నిన్న అయిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు లడ్లు పంచిన మీ అత్త, నిన్న ఏమైందో మొదటి నుంచి చెబుతాను. కూర్చుని చదువు.

సంఘం హాలు కిక్కిరిసింది. ముందు వరసలో బంగారంవాళ్లు, బట్టలవాళ్లు. వెనక వాకిలి దగ్గర మాంసం అంగళ్ల కమాల్ బాషా, తోళ్లవాళ్లు, గాజులవాళ్లు. వాళ్లూ చందా కడతారు, వాళ్లకూ చెయ్యెత్తే హక్కుంది, కానీ ఎప్పుడూ వాకిలి దాటి ముందుకు రారు. నేను ఒక పక్కగా నిలబడ్డాను. దిల్షాద్‌బీ మెట్ల మీద కూర్చుంది.

నా అర్జీ చదవగానే కాశీవిశ్వనాథం లేచాడు. జేబులోంచి కవరు తీశాడు. అందులోంచి ఫొటో. ఒక లావుపాటి ఆడమనిషి, నడుముకు నా పచ్చ గళ్ల గుడ్డ, చేతిలో మూరెడు కత్తి, వెనక కొక్కేలకు చర్మం తీసిన పొట్టేళ్లు. ఆయన ఆ ఫొటోను వరస వరసకూ తిప్పాడు.

"ఇదో, మా వదిన పాలంగడి! పార్లమెంటు మెంబరు! వదినా, ఈయమ్మ యాపారమేందో నీకు తెల్సా?"

హాలంతా నవ్వింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను గురూ, దాచను. మాంసం వీధి పక్కగా కూడా నేను నడవను, నీకు తెలుసు. ఒక్క క్షణం ఆమె ఎవరో నాకు తెలియదని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అప్పుడు ఫొటో నా చేతికి వచ్చింది. ఆమె ఆ గుడ్డను ఎంత ముచ్చటగా ఇస్త్రీ చేసి కట్టుకుందో చూశాను. ఎవరికి చూపించాలని నవ్విందో, ఆ నవ్వు నాకే.

"ఇప్పుడే తెల్సింది నాయినా" అన్నాను.

"మనోళ్లందరూ ఈమె పేరన పంచిన లడ్లు తిన్న్యారు!"

"తిన్న్యారు గదా. ఎవురికన్నా అజీర్తి చేసిందా?"

ఈసారి నవ్వు వాకిలి వైపు నుంచి వచ్చింది. ప్రెసిడెంటు బల్ల మీద కొట్టి, "అమ్మా, ఎగతాళి పక్కన పెడదాం. నీకు గది ఇయ్యాలనే మాకూ ఉండాది. అరుగు మీద ఆమెను కొత్త బజారుకు తేనని ఒక మాట చెప్పు, అయిపోతుంది" అన్నాడు. అంత మెత్తగా అన్నాడు. మరిది కూడా తల ఊపాడు. ఒక్క మాట, గది నాది. మెట్ల మీద దిల్షాద్‌బీ లేచి చీర దులుపుకుంటోంది. నాకు కష్టం లేకుండా తనే పోదామని.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఇది. ముందుగా అనుకున్నది కాదు.

"అయ్యా, ఈ ఫొటోలో మనిషి ఇంట్లో మా అన్న కొడుకు ఉండాడు. మన రంగు వాళ్ల రంగు కాదు. మన తిండి వాళ్ల తిండి కాదు. బయటోళ్లు పోవల్ల అని అరిసే పార్టీలో వుండి కూడా, ఓట్లు అడుక్కుంటా కూడా, ఆయమ్మ మా పిల్లోణ్ని పొమ్మనలా. కూచోబెట్టి కూడు పెట్టింది. కత్తి పట్టే చేతికి అంత ధైర్నముంటే, గజంబద్ద పట్టే నా చేతికి ఉండొద్దా? దిల్షాద్‌బీ యాడుంటే నేనాడ. మీరు గది ఇస్తే ఇయ్యండి, లేకుంటే ఇద్దరం ఎండలో కూచుంటాం."

మరిది కూర్చున్నాడు. నా కథ అయిపోయిందనుకున్నాను. వెనక నుంచి కమాల్ బాషా ముందుకు వచ్చాడు. నాకు గుర్తున్నంతలో ఆయన ఆ వాకిలి దాటడం అదే మొదలు.

"మాకు ఈ సంఘంలో శానా ఏండ్లాయ. మా యాపారం పేరెత్తితే నవ్వకుండా మాట్లాడిన మనిషిని ఈ పొద్దే చూస్తాండా" అని చెయ్యి ఎత్తాడు.

వాకిలి దగ్గర చేతులన్నీ లేచాయి. గాజులవాళ్లు, తోళ్లవాళ్లు, తర్వాత ముందు వరసల్లో చిన్న బట్టలవాళ్లు ఒక్కొక్కరే, పక్కవాడి ముఖం చూసి ఎత్తినవాళ్లు కొందరు. ప్రెసిడెంటు రెండుసార్లు లెక్కపెట్టి, కళ్లజోడు తుడుచుకుని, నెగ్గిందని చెప్పాడు. నా పేరు రాసుకున్నారు గురూ! కన్యకాపరమేశ్వరి, బట్టల వ్యాపారం. ఎవరి వదిన అనీ రాయలేదు, ఎవరి భార్య అనీ రాయలేదు.

నువ్వు పాలూ మాంసం కలిపి దాచినందుకు చెవులు పిండాలి. అయినా ఆ ఫొటో రాకపోతే ఆ చేతులు లేచేవి కావు. ఇదంతా మదాంకు ఒక్క ముక్క వదలకుండా చెప్పు. ఆమె గెలవకపోతేనేం, ఆమె ఇక్కడ గెలిచింది.

తలస్నానం చేశాను, నిజమే. అది గెలిచినందుకు.

కొత్త సభ్యురాలు,
మీ అత్త

---

12 ఫిబ్రవరి 1956.

అత్తా,

నీ ఉత్తరం రాగానే మెట్లు దూకి దిగాను. మదాం మాంసం కొడుతూ విన్నది. నా ఫ్రెంచి తడబడితే మళ్లీ చెప్పమంది. "దిల్షాద్‌బీ యాడుంటే నేనాడ" అన్నది రెండుసార్లు చెప్పించుకుంది. నువ్వు ఆమె గురించి అన్న మాటల దగ్గర కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

ఆ తర్వాత పరిస్థితి మారింది. శాంతి తెస్తానన్న మోలేనే ప్రధాని అయ్యాడు. ఆరో తేదీన అల్జీరియా రాజధాని అల్జీర్స్ పోతే అక్కడి ఫ్రెంచివాళ్లు ఆయనను టమోటాలతో కొట్టారు. అంతే, మాట వెనక్కి పోయింది. ఇక్కడ వీధుల్లో నల్లగా, గోధుమగా కనిపించినవాడల్లా అల్జీరియావాడే అయ్యాడు. మదాం అంగడి తలుపు మీద ఎవరో "పరాయివాళ్ల సత్రం" అని తారుతో రాశారు. వరసగా మూడు రోజులు బేరం లేదు. సాయంత్రానికి నిలవ ఉండని సరుకు నిలిచిపోయింది.

శుక్రవారం ఆమె నా గదికి వచ్చింది. ఎప్పుడూ పైకి రాదు. మంచం అంచున కూర్చుని, "గురూ, నాకున్నది ఈ అంగడొక్కటే" అంది. నేను లేచి బట్టలు తియ్యడం మొదలుపెట్టాను. ట్రంకు పెట్టె సర్దడానికి తనే సాయం చేసింది. వాకిలి దగ్గర చెయ్యి పట్టుకుని, "మీ అత్తకు మాత్రం చెప్పకు" అంది.

చెప్పకూడదనే రెండు రోజులు అనుకున్నాను. కానీ పాల విషయంలో ఒకసారి దాచి చూశాను కదా. బడి వసతిగృహంలో మంచం దొరికింది, వెచ్చగానే ఉంది, బెంగపడకు. నువ్వు ఆమెను చూపించి నిలబడ్డావు అత్తా. అదే నాకు బాధగా ఉంది.

గురు

---

ప్రొద్దుటూరు,
24 ఫిబ్రవరి 1956.

నాయనా గురూ,

మొదట గొంతు చించుకుని తిట్టాను. ఎదురంగడివాళ్లు కూడా విన్నారు. ఆడమనిషి, అంగడి నడుపుకునే మనిషి, చలికాలంలో పిల్లవాణ్ణి బయటికి పంపుతుందా! రెండు ముద్దలు కూడా దిగలేదు నాకు. తర్వాత ఆ మూడు రోజుల బేరం సంగతి గుర్తొచ్చింది. ఆ మూడు రోజులు ఎట్లుంటాయో నాకు తెలుసు. సమావేశానికి ముందు పదిహేను రోజులు నేనూ దిల్షాద్‌బీ ముఖం చూడలేక దొంగలాగా తిరిగాను. అటు తోస్తే అటు పోయేదాన్ని. మదాంను తిట్టే నోరు అక్కడ ఆగిపోయింది.

దాచిపెట్టడం నాకు చేతకాదు. మీ కాశీవిశ్వనాథం మామకు నేనే చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "పిల్లోడు బాగుండాడా?" అని మాత్రం అడిగాడు. కమాల్ బాషాకూ చెప్పాను. ఆయన వసతిగృహంలో కూరగాయలు దొరుకుతాయా అని అడిగాడు.

దిల్షాద్‌బీ మాత్రం మూట కట్టుకుంటూ నన్ను ఓరగా చూసింది. ఈ పొద్దు మేము కొత్త గదికి మారుతున్నాం. గోడలకు సున్నం వాసన, తలుపుకు నా పేరున తాళం, వాకిట్లో ఇద్దరు పట్టేంత అరుగు. బండి వచ్చి నిలబడింది.

"అక్కా, మీ మదామే మీ పిల్లోణ్ని పొమ్మన్న్యాది. ఆయమ్మను చూసే గదా నువ్వు నన్ను నిలబెట్టింది. ఇంగ నన్నెందుకు పెట్టుకుంటావు?" అన్నది. నవ్వుతూనే అన్నది, కానీ మూట ముడి వెయ్యకుండా ఆగింది.

"నోరు ముయ్యి, బండెక్కు. ఎండెక్కుతాంది" అన్నాను.

గురూ, నువ్వు ఎప్పుడైనా ఆ వీధిన పోతే మదాంను పలకరించు. తల తిప్పుకుని పోవద్దు. అత్తకు తెలిసిందని చెప్పు, కోపం కూడా వచ్చిందని చెప్పు. తర్వాత ఈ మాట చెప్పు. నీవు నన్ను నిలుపుకున్నావనుకుని మా అత్త దిల్షాద్‌బీని నిలుపుకుంది, ఇక వెనక్కి తీసుకోవడం తన వల్ల కాదట.

అత్త